స్విచింగ్ విద్యుత్సరఫరా యంత్రము: దోషనిర్ణయము, మరమ్మతు, ప్రాణరక్షణ

1. నిర్వచనము

ఇంటికి తీగలద్వారా వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును గ్రహించి, మొదట దానిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి, పిదప అర్ధవాహకముతో నిర్మితమైన ఒక స్విచ్చును సెకనుకు అనేక వేల పర్యాయములు తెరచుచు మూయుచు ఆ విద్యుత్తును తునకలు చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుద్వారా దించి, తిరిగి స్థిరమైన అల్ప వోల్టేజిగా అందజేయు సాధనమునకు స్విచింగ్ విద్యుత్సరఫరా యంత్రమని పేరు. మరమ్మతు దుకాణములలో దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అనియు, పవర్ సప్లై బోర్డు అనియు వ్యవహరింతురు. ఇదియే సెల్‌ఫోనునకు ఛార్జరు, సెట్‌టాప్ బాక్సునకు అడాప్టరు, ఎల్.ఇ.డి. బల్బునకు డ్రైవరు అను పేళ్లతో చెల్లుచున్నది.

ఈ వ్యాసమునందు యంత్రస్వరూపము, చరిత్ర, భేదములు, పనిచేయు విధము, చెడిపోవుటకు గల హేతువులు, దోషమును కనుగొను క్రమము, ప్రాణాపాయము లేకుండ బాగుచేయు పద్ధతి వివరింపబడినవి. ఉదాహరణములు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుండి గ్రహింపబడినవి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనమువలన ఈ భూభాగము ప్రధానముగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఏర్పడినది.

2. చరిత్ర

సామాన్య చరిత్ర. విద్యుత్ప్రవాహమును తెంచి కలిపి వోల్టేజిని మార్చుట అను భావము మిక్కిలి పాతది. 1930ల నాటి మోటారుకారు రేడియోలలో వైబ్రేటరు అను లోహపు నాలుక కంపించుచు బ్యాటరీ ప్రవాహమును తునకలు చేసెడిది. ట్రాన్సిస్టరు వచ్చిన పిదప లోహపు నాలుక స్థానమును అర్ధవాహకము ఆక్రమించినది. 1976లో సిలికాన్ జనరల్ సంస్థ వెలువరించిన ఎస్.జి. 1524 అను నియంత్రణ ఐసీ, స్విచ్చును నడపు సర్వవ్యాపారమును ఒకే బిళ్లలో ఇమిడ్చినది. 1977లో వెలువడిన యాపిల్ టు కంప్యూటరునకు రాడ్ హోల్ట్ రూపొందించిన స్విచింగ్ సరఫరా, గృహోపకరణములలో ఈ పద్ధతి ప్రచారమునకు వచ్చుటకు తోడ్పడిన వానిలో ఒకటి. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము బల్లమీది కంప్యూటర్ల సరఫరాకు ఏకరూపతను కల్పించినది.

తెలుగుదేశమున. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ టెలివిజన్లను, కంప్యూటర్లను నిర్మించి, ఎలక్ట్రానిక్ పరికరములతో తెలుగువారికి పరిచయము కలిగించిన సంస్థలలో ముఖ్యమైనది. 1982లో దేశమున రంగుల టెలివిజన్ ప్రసారము ప్రారంభమైన తరువాత స్విచింగ్ సరఫరా గల సెట్లు క్రమముగా పట్టణములకు, పల్లెలకు చేరినవి. అంతకుముందు రేడియో మరమ్మతునందు ఆరితేరిన మెకానిక్కులు బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరుకు అలవాటుపడినవారు. అందు ట్రాన్స్‌ఫార్మరు దాటిన పిమ్మట ట్రాన్సిస్టరు రేడియోలో ప్రాణభయము దాదాపు లేదు. క్రొత్త పద్ధతిలో బోర్డుయొక్క సగభాగము నేరుగా మెయిన్సు తీగతో సంబంధము కలిగియుండుటవలన, చేతివాటము మాత్రమే చాలక, క్రమశిక్షణము సైతము ఆవశ్యకమైనది.

3. భేదములు

నిర్మాణమునుబట్టి ఈ యంత్రములు పలువిధములు. ఫ్లైబ్యాక్ పద్ధతి ఛార్జర్లు, అడాప్టర్లు, సెట్‌టాప్ బాక్సులు మొదలైన చిన్న సామర్థ్యపు సాధనములలో కనబడును. ఇందు ఒకే స్విచ్చు, ఒకే ట్రాన్స్‌ఫార్మరు ఉండును. అర్ధసేతు పద్ధతి పాత కంప్యూటరు సరఫరాలలో విరివిగా వాడబడినది. ఇందు రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా పనిచేయును. ఎల్.ఎల్.సి. అను అనునాద పద్ధతి పెద్ద తెర టెలివిజన్లలో సామాన్యము. పూర్ణసేతు పద్ధతి వెల్డింగు యంత్రములు, పెద్ద బ్యాటరీ ఛార్జర్లు మున్నగు అధిక సామర్థ్యపు సాధనములకు చెందినది.

ప్రాణరక్షణ దృష్ట్యా ఇంతకంటె ముఖ్యమైన విభాగము మరొకటి గలదు. ట్రాన్స్‌ఫార్మరుద్వారా మెయిన్సునుండి వేరుచేయబడిన సరఫరాలు ఒక తెగ. అట్టి వేర్పాటు లేనివి రెండవ తెగ. చౌక ఎల్.ఇ.డి. బల్బుల డ్రైవర్లు, కొన్ని వాషింగ్ మిషన్ల నియంత్రణ బోర్డులు ఈ రెండవ తెగకు చెందును. వీనియందు 5 వోల్టుల స్థానముకూడ మెయిన్సుతో కలిసియుండును గనుక, బోర్డుమీద చేయి వేయదగిన చోటు ఒక్కటియు లేదు.

4. నిర్మాణము, పనిచేయు విధము

ప్రాథమిక భాగము. మెయిన్సు ప్రవాహము మొదట ఫ్యూజునందు ప్రవేశించి, ఆరంభవేగమును అరికట్టు ఎన్.టి.సి. థర్మిస్టరును, అతివోల్టేజి వచ్చినప్పుడు తాను వాహకముగా మారి ఫ్యూజును కాల్చు వేరిస్టరును, విద్యుత్తులోని అవాంఛిత కంపనములను వడకట్టు చుట్టలను దాటి, నాలుగు డయోడ్ల బ్రిడ్జిని చేరును. 230 వోల్టులను 1.414చే గుణించగా వచ్చు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తు పెద్ద ఫిల్టర్ కెపాసిటరులో నిలువయుండును. శక్తి గుణకమును సరిదిద్దు అదనపు అంచె గల సరఫరాలలో ఈ వోల్టేజి 380 నుండి 400 వరకు ఉండును. ఈ భాగమును మెకానిక్కులు హాట్ సైడు అందురు.

స్విచ్చు, ట్రాన్స్‌ఫార్మరు. మాస్‌ఫెట్ అను స్విచ్చు సెకనుకు సుమారు 40 వేలనుండి లక్షకు మించిన పర్యాయములు తెరుచుకొని మూసుకొనును. ట్రాన్స్‌ఫార్మరునకు కావలసిన అయస్కాంత మధ్యభాగపు వైశాల్యము పౌనఃపున్యమునకు విలోమానుపాతములో ఉండుటచే, 50 సైకిళ్లవద్ద కిలోల బరువు తూగెడి ఇనుప ట్రాన్స్‌ఫార్మరు పనిని ఇచట అరచేతిలో ఇమిడెడి ఫెర్రైటు ట్రాన్స్‌ఫార్మరు నిర్వహించును.

ద్వితీయ భాగము. ట్రాన్స్‌ఫార్మరు ఆవలివైపున వేగవంతమైన షాట్కీ డయోడ్లు ప్రవాహమును తిరిగి ఏకముఖము చేయగా, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు దానిని నిలకడపరచును. ఇది కోల్డ్ సైడు. రెండు భాగముల నడుమ బోర్డుమీద రాగి లేని వెడల్పాటి గీత కనబడును. దానిని దాటునవి ట్రాన్స్‌ఫార్మరు, ఆప్టోకప్లరు, వై తరగతి కెపాసిటరు మాత్రమే.

పునర్నివేశము. బయటి వోల్టేజిని టి.ఎల్. 431 అను ఐసీ తన 2.5 వోల్టుల ప్రమాణముతో పోల్చిచూచి, హెచ్చుతగ్గులను ఆప్టోకప్లరులోని కాంతిద్వారా హాట్ సైడునకు తెలియజేయును. నియంత్రణ ఐసీ తదనుగుణముగా స్విచ్చు ప్రవాహమును సాగనిచ్చు కాలమును పెంచును, లేక తగ్గించును. విరివిగా వాడబడు యు.సి. 3842 ఐసీ తన సరఫరా 16 వోల్టులకు చేరినప్పుడు మేల్కొని, 10 వోల్టులకు పడిపోయినప్పుడు ఆగిపోవును. ఈ రెండు సంఖ్యలు దోషనిర్ణయమున మిక్కిలి ఉపకరించును (చూ. 7. దోషనిర్ణయ క్రమము).

5. ఉత్తర తెలంగాణమున దోషహేతువులు

విద్యుదుత్పత్తి, పంపిణీ. ఈ ప్రాంతము విద్యుదుత్పత్తికి ప్రసిద్ధమైనది. రామగుండమున 62.5 మెగావాట్ల బి థర్మల్ కేంద్రము 1971లో పనిచేయనారంభించినది. అచటనే జాతీయ థర్మల్ విద్యుత్సంస్థ నిర్మించిన కేంద్రముయొక్క సామర్థ్యము 2600 మెగావాట్లు. పంపిణీ భారము హనుమకొండ కేంద్రముగా గల ఉత్తర విద్యుత్పంపిణీ సంస్థది. సిరిసిల్ల ప్రాంతమున మాత్రము 1970లో ఏర్పడిన సహకార విద్యుత్సరఫరా సంఘము ఆ పనిని నిర్వహించుచున్నది. కేంద్రమున ఉత్పత్తి ఎంత సమృద్ధమైనను, ఊరి చివరనున్న ఇంటిలోని ప్లగ్గువద్ద వోల్టేజి నాణ్యము స్థానికమైన ట్రాన్స్‌ఫార్మరు, తీగ, న్యూట్రలు, ఎర్తుల స్థితిపై ఆధారపడియుండును.

న్యూట్రలు తెగుట. మూడు ఫేజుల స్తంభమునుండి ఇండ్లకు వచ్చు న్యూట్రలు తీగ తెగినను, జాయింటువద్ద వదులైనను, రెండు వేర్వేరు ఫేజులమీద నున్న ఇండ్లు పరస్పరము వరుసలో చేరి, వాని నడుమ దాదాపు 400 వోల్టులు నిలుచును. తక్కువ లోడు గల ఇంట వోల్టేజి ఎగసి, ఎక్కువ లోడు గల ఇంట పడిపోవును. 400 వోల్టుల ఏకాంతర విద్యుత్తు బ్రిడ్జిని దాటినచో 560 వోల్టులకు పైబడును. 400 లేక 450 వోల్టులకు తయారైన ఫిల్టర్ కెపాసిటరు దానిని భరింపజాలక ఉబ్బి పేలును. ఒక వీధిలోని టీవీలు, ఛార్జర్లు, బల్బులు ఒకేరోజున కాలిపోయినవని జనులు చెప్పునప్పుడు మెకానిక్కు మొదట అనుమానింపవలసిన హేతువు ఇదియే. సరఫరాను సరిచేయక యంత్రమును మాత్రము బాగుచేసి యిచ్చుట, దానిని తిరిగి అదే అగ్నిలో పడవేయుట యగును.

మోటార్ల ఆరంభము. వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆటో స్టార్టర్లు బిగించిన బోరు మోటార్లు, అంతరాయము తరువాత కరెంటు వచ్చిన క్షణముననే ఒక్కుమ్మడిగా లేచుటవలన వోల్టేజి క్షణకాలము కుంగును. అట్టి కుంగుబాటునకు స్విచింగ్ సరఫరా చాలవరకు తట్టుకొనును; కాని ముదిరిన కెపాసిటర్లు గలది ఆ సమయముననే తన బలహీనతను బయటపెట్టును.

పిడుగులు. వానకారుకు ముందు వచ్చు గాలివానలలో పిడుగు దూరమున పడినను, దాని ప్రేరణచే కరెంటు తీగలలోను, కేబుల్ టీవీ తీగలోను వేల వోల్టుల తరంగము పుట్టవచ్చును. వేరిస్టరు చిట్లుట, బ్రిడ్జి షార్టగుట, నియంత్రణ ఐసీ పగులుట దీని గురుతులు. మెయిన్సు ప్లగ్గు ఊడదీసి కేబుల్ తీగను వదలినచో రక్షణ సగమే.

ఉష్ణము, చలి. రామగుండమున, ఆదిలాబాదున వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుట కలదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరుయొక్క ఆయువు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగమగునని సాధారణ నియమము; రేకుల కప్పుకింద, గాలి చొరని అరలో నుంచిన సెట్‌టాప్ బాక్సునందలి కెపాసిటరు ఎండిపోవుటకు ఇదియే కారణము. అందుకు విరుద్ధముగా, ఆదిలాబాదు చలికాలపు తెల్లవారుజామున కెపాసిటరులోని ద్రావణపు నిరోధము పెరుగుటచే, ముదిరిన సరఫరా ఉదయము మొరాయించి ఎండపొద్దున తానై లేచును. యజమాని యంత్రము బాగైనదని తలచును. నిజమునకు అది రోగముయొక్క తొలి లక్షణము.

ధూళి, కీటకములు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలో బొగ్గు నుసి, బసంత్‌నగర్, దేవాపూర్‌లలో సిమెంటు ధూళి, ఆదిలాబాదు, జమ్మికుంటలలోని జిన్నింగు మిల్లుల సమీపమున పత్తి నూగు సరఫరా పెట్టెలలో పేరుకొనును. పత్తి నూగు ఫ్యాను రెక్కలను, గాలి రంధ్రములను మూసి వేడిని బంధించును. బొగ్గు నుసి తేమ తగిలినప్పుడు కొంత వాహకమై హాట్ సైడునందు నిప్పురవ్వలకు దారి చూపును. వెచ్చదనమునకు చేరిన బల్లి రెండు ఎత్తు వోల్టేజి బిందువుల నడుమ పడి, తాను మాడి, మాస్‌ఫెట్‌ను షార్టు చేయుట ఈ ప్రాంతపు మెకానిక్కులకు క్రొత్త సంగతి కాదు. చీమలు, బొద్దింకలు సైతము ఇట్టివే.

6. ప్రాణరక్షణ నియమములు

నిలువయుండు విద్యుత్తు. ప్లగ్గు తీసినంత మాత్రమున యంత్రము నిర్జీవము కాదు. 325 వోల్టులవద్ద నున్న 100 మైక్రోఫారడ్ల కెపాసిటరులో సుమారు 5.3 జౌళ్ల శక్తి నిలిచియుండును. కంప్యూటరు సరఫరాలో 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు రెండు వరుసగా నుండి, 12 జౌళ్లకు పైగా శక్తిని దాచియుంచును. దానిని నెమ్మదిగా ఖాళీచేయు బ్లీడరు నిరోధకము తెగిపోయియుండవచ్చును గనుక, అది ఉన్నదను విశ్వాసముతో చేయి పెట్టరాదు. విచిత్రమేమనగా, ఫ్యూజు బాగుండి స్విచ్చు పనిచేయని సరఫరాయే మిక్కిలి ప్రమాదకరము. నిలువను ఖర్చుచేయువారు లేనందున అది గంటలకొలది అట్లే యుండగలదు.

ఖాళీచేయు విధము. 4.7 కిలోఓముల, 10 వాట్ల నిరోధకమునకు రెండు పొడుగాటి తీగలు అతికి, కొనలకు విద్యుద్బంధకపు పిడులు గల ప్రోబులు అమర్చి, కెపాసిటరు రెండు కాళ్లకు అయిదు సెకన్లు ఆనించవలెను. 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఇందుచే రెండున్నర సెకన్లలో దాదాపు శూన్యమగును. పిదప మల్టీమీటరు డీసీ శ్రేణిలో కొలిచి, 10 వోల్టులకు లోపుగా నున్నదని కన్నులార చూచిన తరువాతనే బోర్డును తాకవలెను. స్క్రూడ్రైవరుతో షార్టుచేయు అలవాటు కన్నులకు, కెపాసిటరుకు, రాగి గీతలకు మూడింటికిని హాని.

కరెంటుతో పనిచేయునప్పుడు. ఎండిన చెక్క బల్ల, రబ్బరు చాప, కాళ్లకు చెప్పులు ఉండవలెను. చేతులకు ఉంగరము, కడియము, గడియారము ఉండరాదు. మీటరు నల్ల తీగను కరెంటు లేనప్పుడే క్లిప్పుతో హాట్ సైడు గ్రౌండునకు తగిలించి, కరెంటు ఇచ్చిన పిదప ఎర్ర ప్రోబును ఒక చేతితోనే పట్టి, రెండవ చేయి బల్లకు దూరముగా నుంచవలెను. గుండెమీదుగా ప్రవాహము సాగు మార్గమును మూయుటయే దీని ఉద్దేశము. ఒంటరిగా, తడి చేతులతో, నిద్రమత్తులో ఈ పని చేయరాదు. స్విచ్చును ఆర్పి తనను తీగనుండి విడదీయగలిగిన మనుష్యుడొకడు దాపున ఉండుట క్షేమము.

వేర్పాటు ట్రాన్స్‌ఫార్మరు. ఒకటికి ఒకటి నిష్పత్తి గల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరుద్వారా కరెంటు ఇచ్చినప్పుడు, ఒక తీగను తాకి భూమిమీద నిలిచినవానికి షాకు తగులు అవకాశము బహుళముగా తగ్గును. కాని రెండు బిందువులను ఒకేసారి తాకినవానిని అది రక్షింపదు; అట్టి సందర్భమున 30 మిల్లీయాంపియర్ల లీకేజి స్విచ్చగు ఆర్.సి.సి.బి.యు రక్షింపజాలదు. ఆసిలోస్కోపు గ్రౌండు క్లిప్పును ఈ ట్రాన్స్‌ఫార్మరు లేకుండ హాట్ సైడునకు తగిలించినచో పెద్ద షార్టు సంభవించును.

ఎర్తు లేని ఇండ్లు. ఎర్తు పిన్ను పనిచేయని ప్లగ్గునకు తగిలించిన కంప్యూటరు పెట్టెను తాకినప్పుడు జివ్వుమనుట తరచు ఫిర్యాదగును. రెండు వై కెపాసిటర్ల నడుమ నున్న పెట్టె మెయిన్సు వోల్టేజిలో సగమునకు ఎగయుటయే దీనికి హేతువు; ప్రవాహము మిల్లీయాంపియరులో భిన్నము గనుక సామాన్యముగా ప్రాణాంతకము కాదు. అయినను దీనికి మందు వై కెపాసిటరును తీసివేయుట కాదు, ఐ.ఎస్. 3043 ప్రమాణానుసారము ఎర్తును నిర్మించుటయే.

7. దోషనిర్ణయ క్రమము

విచారణ. యంత్రము విప్పుటకు ముందు యజమాని మాట వినవలెను. "నిన్నటిదాక మంచిగనే నడిచింది, కరెంటు పోయొచ్చినంక లేస్తలేదు" అను మాట మెకానిక్కునకు ఒక కొలతతో సమానము. ఏండ్ల తరబడి ఆగక నడచిన సరఫరాలో, నియంత్రణ ఐసీకి తొలి బలమునిచ్చు ఆరంభ కెపాసిటరు ఎండిపోయినను, నడుచుచున్నంతసేపు ఐసీకి ట్రాన్స్‌ఫార్మరు చుట్టనుండి అన్నము దొరకుచుండును. ఒకసారి ఆగినచో తిరిగి లేచుటకు బలము చాలదు.

దృష్టి పరీక్ష. ఉబ్బిన కెపాసిటరు తల, చిట్లిన వేరిస్టరు, నల్లబడిన బోర్డు, ట్రాన్స్‌ఫార్మరు కాళ్లచుట్టు వలయాకారముగా పగిలిన డ్రై సోల్డరు, కాలిన వాసన, పురుగుల అవశేషములు చూడవలెను. గాజు ఫ్యూజు లోపల అద్దమువలె మెరయుచు లేక నల్లబడి యున్నచో ముందు షార్టు గలదని అర్థము. తీగ మాత్రము సన్నగా తెగియున్నచో వయస్సు, తాత్కాలిక కుదుపు కారణము కావచ్చును.

చల్లని పరీక్ష. కెపాసిటరును ఖాళీచేసిన పిదప, కరెంటు లేకుండ, డయోడు శ్రేణిలో బ్రిడ్జియొక్క ప్రతి డయోడును, మాస్‌ఫెట్ డ్రెయిను సోర్సుల నడుమను, ద్వితీయ భాగపు షాట్కీ డయోడులను కొలువవలెను. బ్రిడ్జి డయోడు ఒకవైపు 0.5 నుండి 0.7 వరకు చూపి, మరొకవైపు మూసియుండుట ఆరోగ్యము. రెండువైపుల సున్న చూపి మీటరు కూసినచో డెడ్ షార్టు. మాస్‌ఫెట్ షార్టైన చోట, సోర్సుతో వరుసలో నుండు ఓమునకు లోపలి చిన్న నిరోధకము, గేటు నిరోధకము, నియంత్రణ ఐసీ అను మూడింటిని కలిపి పరీక్షింపవలెను; ఒక్క మాస్‌ఫెట్‌ను మార్చి కరెంటు ఇచ్చుటచే క్రొత్తది సైతము క్షణములో కాలుట సర్వసామాన్యము.

సిరీస్ బల్బు. 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బును ఫేజు తీగలో వరుసగా చేర్చి కరెంటు ఇచ్చుట మన మెకానిక్కుల పరంపరాగత పద్ధతి. శాస్త్రదృష్ట్యా సైతము సమంజసము. 60 వాట్ల బల్బు పూర్తి షార్టునందును ప్రవాహమును 0.26 యాంపియరునకు మించనీయదు. బల్బు ఒకసారి మెరసి మసకబారినచో కెపాసిటరు నిండినది, ఇన్‌పుట్ భాగము క్షేమము. నిండుగా వెలుగుచున్నచో షార్టు ఇంకను గలదు. మెరయుచు ఆరుచు ఉన్నచో సరఫరా లేచుటకు యత్నించి ఆగుచున్నది. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి చెల్లదు. ఈ బల్బు ప్రవాహమును పరిమితము చేయునే గాని షాకునుండి రక్షింపదని గుర్తుంచుకొనవలెను.

వేడి పరీక్ష. పై పరీక్షలు ముగిసిన తరువాతనే కరెంటుతో కొలతలు తీయవలెను. పెద్ద కెపాసిటరువద్ద 325 వోల్టులు లేనిచో దోషము బ్రిడ్జియందో, దానికి ముందో ఉన్నది. 325 ఉండియు నియంత్రణ ఐసీ సరఫరా శూన్యమైనచో, ఐసీకి తొలి సరఫరానిచ్చు ఆరంభ నిరోధకము తెగినదని అనుమానింపవలెను. ఆ సరఫరా 10కి 16కు నడుమ ఊగుచు, యంత్రము టిక్కుటిక్కుమనుచున్నచో మూడు సంశయములు: ఆరంభ కెపాసిటరు ఎండినది, ద్వితీయ డయోడు షార్టైనది, లేక యంత్రము మోయు బోర్డే షార్టైనది. ఐసీ సరఫరా నిలకడగా నుండియు బయట వోల్టేజి తప్పుగా నున్నచో ఆప్టోకప్లరు, టి.ఎల్. 431, వాని చుట్టునున్న నిరోధకములు విచారింపదగినవి.

ఉదాహరణము. 12 వోల్టుల సెట్‌టాప్ బాక్సు అడాప్టరు టిక్కుటిక్కుమనుచు, బయట 3 నుండి 6 వోల్టుల నడుమ ఊగుచున్నదనుకొందము. ఫ్యూజు బాగున్నది, పెద్ద కెపాసిటరువద్ద 325 వోల్టులున్నవి, ద్వితీయ డయోడు షార్టు కాలేదు, బాక్సునుండి పిన్ను తీసినను ఊగుట ఆగలేదు. కాబట్టి మోయు బోర్డు నిర్దోషి. కరెంటు తీసి, ఖాళీచేసి, ఐసీ ప్రక్కనున్న 47 మైక్రోఫారడ్ల, 50 వోల్టుల చిన్న కెపాసిటరును ఊడదీసి కొలువగా 4 మాత్రమే చూపినది. తల ఉబ్బలేదు, రంగు మారలేదు. పైకి క్రొత్తదానివలె నున్నది. 105 డిగ్రీల తరగతి క్రొత్త కెపాసిటరు వేయగా బయట 12.1 వోల్టులు నిలకడగా నిలిచినది. కంటికి కనబడనంత మాత్రమున దోషము లేదనరాదని, కొలతయే ప్రమాణమని ఈ ఉదాహరణము తెలుపును.

8. మరమ్మతు

మార్చు భాగము తీసిన భాగముతో వోల్టేజి, ప్రవాహము, ఉష్ణోగ్రత తరగతులలో సమానమో, అధికమో కావలెను. ద్వితీయ కెపాసిటర్లు అల్ప అంతర్నిరోధము గల రకమే వాడవలెను. సామాన్య రకము కొలది నెలలలో ఎండును. ఫ్యూజు స్థానమున రాగి తీగ చుట్టుట అగ్నిప్రమాదమునకు ఆహ్వానము. ఎక్స్, వై తరగతుల కెపాసిటర్లకు బదులు సామాన్య కెపాసిటర్లు వేయరాదు. వై కెపాసిటరు షార్టైనచో మెయిన్సు వోల్టేజి నేరుగా మనుష్యుడు తాకు భాగమునకు చేరును. చిట్లిన వేరిస్టరును తీసి ఖాళీగా విడుచుటయు తప్పే. హీట్‌సింకుకు మాస్‌ఫెట్‌ను బిగించునప్పుడు అభ్రకపు బిళ్లను, ప్లాస్టిక్ వాషరును యథాస్థానమున అమర్చి, మీటరుతో షార్టు లేదని చూడవలెను. హాట్, కోల్డు భాగముల నడిమి గీతమీద సోల్డరు చుక్క, ఫ్లక్సు మరక, తీగ తునక ఏదియు మిగులరాదు.

తుది పరీక్ష. మరమ్మతైన సరఫరాను వెంటనే ఖరీదైన బోర్డునకు తగిలింపక, కృత్రిమ లోడుతో నడపవలెను. మోటారుసైకిలు ఇండికేటరునందలి 12 వోల్టుల, 21 వాట్ల బల్బు 1.75 యాంపియర్లను లాగును. రెండు యాంపియర్ల అడాప్టరుకు ఇది చక్కని పరీక్ష. ఏ.టి.ఎక్స్. సరఫరాలో ఊదా తీగవద్ద 5 వోల్టులు ఎల్లప్పుడు ఉండవలెను. ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపినప్పుడు పసుపు తీగవద్ద 12, ఎరుపువద్ద 5, నారింజవద్ద 3.3 వోల్టులు, 5 శాతము హెచ్చుతగ్గులకు లోబడి రావలెను. అర్ధగంట లోడుతో నడిపి, ఆపి, తిరిగి లేపి, వోల్టేజి చెదరలేదని చూచినపిదప యజమానికి అప్పగించుట ఉత్తమము.

మరమ్మతు చేయరానివి. ట్రాన్స్‌ఫార్మరు చుట్టల నడుమ బంధకము చెడినవి, రెండు భాగముల నడుమ బోర్డు బొగ్గైనవి, వేర్పాటు దూరము పాటింపని నాసిరకపు ఛార్జర్లు బాగుచేయక త్యజింపవలెను. అడాప్టర్లకు భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు తప్పనిసరి. ఆ ముద్ర లేని ఛార్జరు చౌకైనను చేతికి తగదు. త్యజించినవానిని 2022 నాటి ఇ-వ్యర్థముల నిర్వహణ నియమములనుసరించి నమోదైన పునశ్చక్రణ సంస్థలకు చేర్చవలెను. సోల్డరునందలి సీసము చెలకలలో, చెరువులలో కలియరాదు.

9. శిక్షణ, వృత్తి

పారిశ్రామిక శిక్షణ సంస్థలలోని రెండేండ్ల ఎలక్ట్రానిక్ మెకానిక్ కోర్సునందు ఈ విద్యకు పునాది వేయుదురు. 2007లో ఏర్పడిన జగిత్యాల జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, 2008లో స్థాపితమైన బాసర రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఉన్నత స్థాయిలో విద్యుచ్ఛాస్త్రమును బోధించుచున్నవి. అయినను వృత్తిలో నున్న పలువురు దుకాణమున గురుముఖమున నేర్చినవారే. గురువు శిష్యునకు నేర్పు తొలి పాఠము సోల్డరింగు కాక కెపాసిటరును ఖాళీచేయుట అయినచో, ఆ దుకాణమున ప్రమాదములు అరుదగును.

10. ప్రాముఖ్యము

పల్లెలో విద్యార్థి చదువు, కూలీ సెల్‌ఫోను, రైతు మోటారు స్టార్టరు, ఆసుపత్రి పరికరము అన్నియు నేడు ఈ చిన్న పెట్టెపై ఆధారపడియున్నవి. నాలుగైదు రూపాయల కెపాసిటరుతో బాగగు యంత్రమును పారవేయుట బీద కుటుంబమునకు నష్టము, భూమికి భారము. తప్పుగా బాగుచేసిన యంత్రము అంతకంటె పెద్ద హాని. దాని ఫలమును అనుభవించువాడు మెకానిక్కు కాక, రాత్రి ఛార్జరు తీగను తలాపున పెట్టుకొని నిద్రించువాడు. కావున మొదట ఖాళీచేయుట, పిదప చల్లగా కొలుచుట, పిదప సిరీస్ బల్బుతో పరిమితముగా కరెంటు ఇచ్చుట, హేతువును కనుగొన్న తరువాతనే భాగమును మార్చుట, లోడుతో పరీక్షించి అప్పగించుట అను ఈ క్రమమునకు, చేయువాని ప్రాణముతోను, వాడువాని ప్రాణముతోను సమానమైన సంబంధము గలదు.